పేదలకు ఆరోగ్య బీమా: గ్రామములో వచ్చిన మార్పు

గ్రామములో ఒక కుటుంబము అప్పులపాలగుటకు కారణములు వెదకినచో నాలుగైదుకు మించి కనబడవు. పంట పోవుట, పెండ్లి, వ్యాజ్యము, జబ్బు. వానల తీరు చూచి పంట సంగతి రైతు కొంత ముందుగానే గ్రహింపగలడు. పెండ్లిని ఒక యేడు ఆపుకొనవచ్చును. వ్యాజ్యమును పెద్దమనుష్యుల యెదుట రాజీ చేసికొనవచ్చును. గుండెనొప్పి మాత్రము గడువు ఇయ్యదు. రాత్రి పది గంటలకు నొప్పి వచ్చిన మనిషిని తెల్లవారులోగా పట్టణము చేర్చవలెను. ఆసుపత్రి మెట్లెక్కునాటికే సొమ్ము చేతిలో ఉండవలెను. అట్టి వేళ వడ్డీ ఎంతయని బేరమాడువారుండరు. గేదె, చెవి కమ్మలు, అరెకరము పొలము ఆ వరుసలోనే ఇల్లు దాటిపోవును.

ఈ కష్టమును పంచాయతి సభ్యులకు మేము వర్ణించి చెప్పనక్కరలేదు. మీ యూరిలో ఏ చేను ఏ జబ్బునకు అమ్ముడుపోయినదో మాకంటె మీకే బాగుగ తెలియును. ప్రభుత్వమే ఖర్చు భరించి పేదలకు ఆరోగ్య బీమా కల్పించి, దానిని క్రమముగా విస్తరించుచు వచ్చిన మీదట ఈ కష్టము ఎంతవరకు తీరినది, ఎక్కడ తీరక మిగిలినది అను విషయమును మాత్రము ఇక్కడ వివరింపదలచినాము. కార్డు ఇంటనున్నంత మాత్రమున అంతయు సమకూరినట్లే యని కొందరు నమ్ముచున్నారు. కార్డువలన ఒరిగినది ఏమియు లేదని మరికొందరు కొట్టివేయుచున్నారు. ఈ రెండును సరికావు.

మన ప్రాంతమున ఈ కథ 2007 ఏప్రిల్ 1వ తేదీతో మొదలైనది. అంతకు పూర్వము పేదవానికి పెద్ద శస్త్రచికిత్స కావలసివచ్చి, ప్రభుత్వ పెద్దాసుపత్రిలో అది కాదనిపించుకొన్నచో, మిగిలిన దారి ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకొనుట. 2004 మే నుండి 2007 జూను వరకు మూడేండ్ల కాలములో ఇట్టి అర్జీలు 55 వేలకు పైబడి మంజూరు కాగా, వానికి సుమారు 168 కోట్ల రూపాయలు ఖర్చయ్యెను. గుండె, మూత్రపిండములు, క్యాన్సరు, మెదడు జబ్బులవారే వీరిలో అధికులు. అడిగినవారికి అడిగినప్పుడు సాయముగా ఇచ్చుటకంటె, అర్హులందరికి ముందుగానే హక్కుగా ఏర్పరచుట మేలని తోచి, నాటి ముఖ్యమంత్రి డాక్టరు వై.యస్. రాజశేఖర రెడ్డి ప్రభుత్వము ఆరోగ్యశ్రీ పథకమును ప్రారంభించెను. మొదట మహబూబ్‌నగర్, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో పెట్టి చూచి, 2008 జూలై నాటికి ఉమ్మడి రాష్ట్రమంతటికి విస్తరించిరి. తెల్ల రేషను కార్డు గల కుటుంబమునకు ఏడాదికి లక్షన్నర రూపాయల వరకు, అవసరమైనచో మరి 50 వేల రూపాయల వరకు చికిత్స లభించునట్లు నాడు నిర్ణయించిరి.

ఇందు గ్రహింపవలసినది ఒకటి కలదు. ఈ సొమ్ము కుటుంబము చేతికి రాదు. ఏ చికిత్సకు ఎంతయో ముందుగానే ధర కట్టియుంచి, ఆ మొత్తమును పథకములో చేరిన ఆసుపత్రికే చెల్లింతురు. రోగి ఆసుపత్రిలో చేరగనే అక్కడి ఆరోగ్యమిత్ర కార్డు చూచి పేరు నమోదు చేయును. వైద్యులు పరీక్షల కాగితములు ట్రస్టుకు పంపుదురు. అచ్చటి వైద్యులు చూచి అనుమతి నిత్తురు. ప్రాణాపాయ సమయమున ఈ అనుమతి టెలిఫోను మీదనే దొరకును. బీమా అను మాటను బట్టి ‘చీటీ పాట వంటిది, కట్టినది తిరిగి వచ్చునా?’ అని అడిగినవారిని మేము గ్రామసభలలో చూచితిమి. ఇది కట్టునది కాదు, తిరిగి వచ్చునదియు కాదు. జబ్బు చేసిననాడు ఆదుకొనునది.

ఇదే కాలమున కేంద్ర ప్రభుత్వము 2008లో రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన పేర దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబమునకు, ఐదుగురికి మించకుండ, ఏడాదికి 30 వేల రూపాయల బీమా నిచ్చెను. 2018 సెప్టెంబరు 23వ తేదీన దాని స్థానమున ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన వచ్చెను. కుటుంబమునకు ఏడాదికి 5 లక్షల రూపాయలు; ఇంట ఎందరున్నను, ఎంత వయసువారైనను పరిమితి లేదు; ముందునుండియున్న జబ్బులకు సయితము మొదటి దినము నుండియే వర్తించును. 2024 అక్టోబరులో 70 ఏండ్లు నిండిన వృద్ధులందరికి ఆదాయముతో నిమిత్తము లేకుండ దీనిని విస్తరించిరి. రాష్ట్రములు వేరుపడిన తరువాత ఆరోగ్యశ్రీ ఆంధ్రప్రదేశ్‌లో పలుమార్లు పేరు మారినది గాని పని మారలేదు. 2023 డిసెంబరులో తెలంగాణలో పరిమితిని 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలకు పెంచిరి. లక్షన్నరతో ఆరంభమైనది ఇంత దూరము వచ్చినది.

పరిమితి పెరిగినది సరే, ప్రాణములు నిలిచినవా యని మీరు అడుగవచ్చును. దీనికి జవాబు చెప్పుట తలచినంత సులభము కాదు. బీమా ఉన్నవారిని లేనివారితో పోల్చి చూతమన్న, ఆ ఇరువురి స్థితిగతులు మొదటినుండియు వేరుగానుండును. పొరుగున కర్ణాటకములో మాత్రము ఒక చక్కని అవకాశము తటస్థించినది. అక్కడి ప్రభుత్వము వాజపేయి ఆరోగ్యశ్రీ అను ఇట్టి పథకమునే 2010 ఫిబ్రవరిలో ఉత్తర భాగమున ప్రారంభించి, 2012లో గాని దక్షిణ భాగమునకు విస్తరింపలేదు. అనగా రెండేండ్ల పాటు ఒక గీతకు ఇవతలి ఊళ్ళకు పథకము కలదు, అవతలి ఊళ్ళకు లేదు. అవే వానలు, అవే పంటలు, అవే కులములు, అదే భాష. పరిశోధకులు ఆ గీత పొడవునను 572 గ్రామములలో సుమారు 60 వేల కుటుంబములను విచారించి చూచిరి. పథకమునకు లోబడిన జబ్బులతో, ముఖ్యముగా గుండెజబ్బు, క్యాన్సరులతో, మరణించినవారు పథకము గల వైపున పేద కుటుంబములలో వెయ్యికి సుమారు ముగ్గురు. లేని వైపున సుమారు తొమ్మండుగురు. ఆసుపత్రిలో చేరినవారు చేతినుండి పెట్టుకొన్న ఖర్చు మూడవవంతు మేర తగ్గినది. ఈ ఫలితములను 2014లో ప్రకటించిరి.

ఇంత పెద్ద తేడా యంతయు బీమావలననే వచ్చినదని మేము ఒట్టు పెట్టుకొనజాలము. కాని దాని వెనుకనున్న ఏర్పాటు గమనింపదగినది. ఆ పథకములో ఆసుపత్రులవారు రోగి వచ్చునని కూర్చుండక, గ్రామములకు వచ్చి వైద్య శిబిరములు పెట్టి, గుండె చప్పుడు విని, అనుమానము గలవారిని పట్టణమునకు పిలిపించిరి. మన ఆరోగ్యశ్రీలోను తొలినుండి ఈ శిబిరముల నియమము కలదు. తన గుండె కవాటము చెడినదని తెలియని కూలివానికి పెట్టెలోని కార్డు ఎందుకు ఉపకరించును? కర్ణాటకములో ప్రాణములు నిలిచియున్నచో, అందులో కార్డునకు ఎంత భాగము కలదో ఊరికి వచ్చిన శిబిరమునకు అంత భాగము కలదని మా అభిప్రాయము.

అదే కర్ణాటకమునుండి దీనికి విరుద్ధముగ తోచు మరియొక సాక్ష్యము కూడ వచ్చినది. మైసూరు, గుల్బర్గా ప్రాంతములలో పదివేలకు పైబడిన కుటుంబములను తీసికొని, చీట్లు వేసినట్లుగా కొందరికి రాష్ట్రీయ స్వాస్థ్య బీమాను ఉచితముగా, కొందరికి వెలకు ఇచ్చి, కొన్నేండ్లు గమనించిరి. ఆరోగ్యములో లెక్కకు వచ్చు మార్పేదియు కానరాలేదు. కారణము వెదకగా, చేరినవారిలో అనేకులు బీమాను వాడుకొనజూచియు వాడుకొనలేకపోయిరని తేలినది. కార్డు ఎట్లు వాడవలెనో ఇంటివారికి తెలియదు. కొన్ని తావుల ఆసుపత్రివారికిని తెలియదు. ఈ రెండు అనుభవములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో పంచాయతి చేయదగిన పని యేదో తెలియగలదు.

ఇక దూరదేశపు సంగతి యొకటి. అమెరికాలో పేదలకై 1965 నుండి మెడికెయిడ్ అను ప్రభుత్వ బీమా నడచుచున్నది. అందులో ఒరెగాన్ రాష్ట్రమువారు 2008లో మరికొందరిని చేర్చుకొనదలచిరి. సుమారు 10 వేలమందికి చాలు సొమ్ము కలదు. పేర్లు ఇచ్చినవారు 90 వేలమంది. ఎవరిని చేర్చుకొన్నను తగవే గనుక లాటరీ తీసిరి. లాటరీ తగిలినవారును తగలనివారును అన్ని విధముల సమానులే గనుక, బీమా ఏమి చేయునో తేల్చుటకు ఇంతకంటె మంచి త్రాసు దొరకదు. మొదటి విశేషమేమనగా, లాటరీ తగిలినవారిలోనే సుమారు మూడవవంతు మంది మాత్రమే తుదకు బీమాలో చేరగలిగిరి. దరఖాస్తు 45 దినములలో నింపి పంపవలెను, ఆదాయము ఋజువు చేయవలెను. కాగితముల దగ్గర పేదవాడు ఆగిపోవుట మన దేశమున మాత్రమే జరుగునది కాదన్నమాట!

చేరినవారిలో ఆసుపత్రికి, డాక్టరు దగ్గరకు వెళ్ళుట పెరిగినది. అత్యవసర విభాగమునకు పోవుట నూటికి 40 వంతులు పెరిగినది. బీమా ఇచ్చినచో జనులు చిన్న డాక్టరు దగ్గర ముందుగా చూపించుకొందురు గనుక అత్యవసర విభాగముల రద్దీ తగ్గునని పలువురు ఊహించియుండిరి. అది జరుగలేదు. ఇక రెండేండ్ల మీదట చూడగా, ఆదాయములో మూడవవంతునకు దగ్గరగా మ్రింగివేయు భారీ వైద్యఖర్చులు దాదాపు కనుమరుగయ్యెను. మనోవ్యాకులతతో కుములువారి సంఖ్య నూటికి 30 వంతులు తగ్గెను. షుగరు జబ్బు ఉన్నదని కనుగొనుట, దానికి మందు వాడుట పెరిగెను. అయితే రక్తపుపోటు, కొవ్వు, షుగరు కొలతలలో మాత్రము నమ్మదగిన తగ్గుదల కనబడలేదు. రెండేండ్లు చిన్న కాలమే యనుకొనుడు. అదే దేశమున 2014 నుండి పలు రాష్ట్రములలో మెడికెయిడ్‌ను విస్తరింపగా, 55 మొదలు 64 ఏండ్ల వయసు గల పేదలలో మరణములు తగ్గినవని తరువాతి పరిశోధనలు తెలిపినవి.

ఈ అన్నింటినిబట్టి మాకు తోచునది ఇది. ఆరోగ్య బీమా మొట్టమొదట కాపాడునది కుటుంబపు ఆస్తిని, ఇంటివారి మనశ్శాంతిని. పెద్ద జబ్బు వేళ రోగి సకాలమున ఆసుపత్రి చేరినచో ప్రాణమును కాపాడును. నిత్యజీవితములో మెల్లగా తినివేయు జబ్బులను అదుపు చేయుటకు బీమా ఒక్కటే చాలదు. మన పథకములు ముఖ్యముగా ఆసుపత్రిలో చేరినవారికొరకు ఏర్పడినవి. కొన్ని పెద్ద చికిత్సల తరువాత కొంతకాలము మందులు ఇచ్చు ఏర్పాటు కలదు గాని, బీపీ మాత్రలకు, షుగరు పరీక్షకు, జ్వరమునకు, కీళ్ళనొప్పులకు నెలనెలా అగు ఖర్చు దాదాపు ఇంటివారిదే. దేశమున ఆరోగ్యముపై అగు మొత్తము ఖర్చులో ప్రజలు చేతినుండి పెట్టుకొను భాగము 2013-14లో నూటికి 64 వంతులుండగా 2021-22 నాటికి 39 వంతులకు దిగినది. ఇది చిన్న మార్పు కాదు. అయినను ఆ 39 వంతులు ఇప్పటికిని పేదవాని జేబునుండియే పోవుచున్నవని మరువరాదు. వానిలో మందుల కొట్టునకు చేరునది పెద్ద భాగము.

ప్రచారశాఖవారు గనుక మంచినే చెప్పుదురని మమ్ము చూచి నవ్వువారు కలరు. కాబట్టి చెడును కూడ చెప్పవలసియున్నది. చికిత్సకు ధర కట్టి ఆసుపత్రికి చెల్లించు పద్ధతిలో, అవసరము లేని శస్త్రచికిత్సకు కూడ ఆశపడువారు ఉందురు. గర్భసంచి తీసివేయుట ఇందుకు ముఖ్యమైన ఉదాహరణము. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతట నూటికి 3గురు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9మంది, తెలంగాణలో సుమారు 8మంది. ఇది యంతయు బీమావలన పుట్టినదని చెప్పుట అన్యాయము. మన పల్లెలలో ఈ అలవాటు అంతకు ముందే పాతుకొనియుండెను, సొంత ఖర్చుతో చేయించుకొన్నవారును ఎక్కువే. కాని ఇతర రాష్ట్రములలో బీమా సొమ్ము కొరకు అనవసరముగా ఈ ఆపరేషను చేసిరను ఫిర్యాదు సుప్రీంకోర్టు వరకు వెళ్ళినది. కేంద్రము 2022లో ఇచ్చిన మార్గదర్శక సూత్రములను మూడు నెలలలో అమలుపరచుడని 2023 ఏప్రిల్‌లో కోర్టు రాష్ట్రములను ఆదేశించెను. ముప్పది యేండ్ల వయసున గర్భసంచి పోగొట్టుకొన్న కూలిపని స్త్రీకి నడుమునొప్పి, ఎముకల బలహీనత తోడుగా వచ్చును. ‘కార్డు ఉన్నది గదా, తీయించివేయుము’ అను మాట మీ యూరిలో వినబడినచో, ప్రభుత్వ ఆసుపత్రిలో మరియొక డాక్టరమ్మకు చూపించిన పిమ్మటనే నిర్ణయించుకొమ్మని చెప్పుడు.

మరియొక చిక్కు చెల్లింపులది. ప్రభుత్వము బిల్లులు చెల్లించుటలో జాప్యమై బకాయిలు పేరుకొన్నప్పుడు ప్రైవేటు ఆసుపత్రులు సేవలు నిలిపివేయుదుమనుట, కొన్నిసార్లు నిలిపివేయుట రెండు రాష్ట్రములలోను జరిగినది. పరిమితి ఎంత పెంచినను, పెంచినదానికి తగిన సొమ్ము సకాలమున ఆసుపత్రికి చేరకున్నచో కార్డు విలువ తగ్గును. ఇది పంచాయతి చేతిలోని పని కాదు. కాని రోగిని పంపుటకు ముందు ఆ ఆసుపత్రి పథకములో నున్నదా, ఆ జబ్బునకు అచ్చట చేర్చుకొనుచున్నారా యని 104కు ఫోను చేసి తెలిసికొనుట మీ చేతిలోనే కలదు. అర్ధరాత్రి ముప్పది మైళ్ళు పోయి వెనుదిరుగుటకంటె ఆ ఒక్క ఫోను మేలు.

రాజ్యాంగము 73వ సవరణతో చేరిన 11వ షెడ్యూలులో ఆరోగ్యము, పారిశుద్ధ్యము, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు పంచాయతులకు అప్పగింపదగిన విషయములుగా చెప్పబడినవి. ఆ మాట కాగితమున నిలిచిపోకుండ చేయుటకు పెద్ద నిధులు అక్కరలేదు. మొదటగా రేషను కార్డు పని. కొత్తగా వచ్చిన కోడలి పేరు, పుట్టిన బిడ్డ పేరు కార్డులో చేరక, ఆసుపత్రి కిటికీ దగ్గర ‘ఈమె పేరు ఇందులో లేదమ్మా’ అను జవాబు విని వెనుదిరిగిన కుటుంబములను మేము ఎరుగుదుము. ఆధారులో పేరు ఒకటి, కార్డులో ఇంటిపేరు మరియొకటి యుండుట, ఫోను నంబరు తప్పుగా పడుట చిన్న విషయములవలె కనబడును. 2023లో కంప్ట్రోలరు అండ్ ఆడిటరు జనరలు తన నివేదికలో ఆయుష్మాన్ భారత్ లబ్ధిదారులలో ఏడు లక్షలమందికి పైగా తొమ్మిదులు మాత్రమే గల ఒకే ఫోను నంబరు వ్రాయబడియున్నదని ఎత్తిచూపెను. నమోదు చేసినవారు తొందరలో ఏదో ఒకటి నింపియుందురు. ఆ నంబరుతో అర్హత నిర్ణయింపబడదని ప్రభుత్వము జవాబిచ్చినది, నిజమే. కాని ఆ కుటుంబమునకు కబురు చేయవలసివచ్చిన నాడు ఎవరికి ఫోను చేయవలెను? ఏడాదికొకసారి వార్డు సభ్యుడు తన వార్డులోని ఇండ్లకు తిరిగి ఈ తప్పులు వ్రాసికొన్నచో సచివాలయములోనో, మండల కార్యాలయములోనో సరిదిద్దించవచ్చును. ఒక వార్డునకు రెండు సాయంకాలములు పట్టును.

గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘము సర్పంచి అధ్యక్షతన మీ యూరిలో ఉండవలెను. జాతీయ ఆరోగ్య మిషన్ దానికి ఏడాదికి 10 వేల రూపాయల నిధిని ఏర్పరచినది. అనేక గ్రామములలో ఈ సంఘము రిజిష్టరులో మాత్రమే కూర్చుండును. దానిని నెలకొకమారు కూర్చుండబెట్టి, ఏ.ఎన్.ఎం.ను, ఆశా కార్యకర్తను పిలిచి, ముప్పది యేండ్లు దాటినవారిలో ఎందరికి రక్తపుపోటు చూచిరి, ఎందరు మాత్రలు తీసికొని పోవుచున్నారు, ఎవరు మానివేసిరి అని అడుగుడు. ఈ పరీక్షలు, ఈ మాత్రలు ఉపకేంద్రములోను ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోను ఉచితమే. ఒరెగాన్‌లో బీమా తీర్చలేకపోయిన పని ఈ బిళ్ళల డబ్బా చేయగలదు, ఎవరో ఒకరు వెంటబడి మింగించినచో. మాత్రలు మానివేసినవాడు ఐదేండ్లకు పక్షవాతముతో మంచము పట్టి, అదే కార్డు పట్టుకొని పట్టణమునకు పోవును. అప్పుడు పథకము లక్ష రూపాయలు ఖర్చు పెట్టును గాని చేయి మునుపటివలె లేవకపోవచ్చును.

చివరగా ఒక మాట. ఆసుపత్రినుండి ఇంటికి వచ్చిన రోగిని పరామర్శించుటకు మీరు ఎట్లును పోవుదురు. అప్పుడు ‘చేతినుండి ఏమైన కట్టించుకొన్నారా, రసీదు ఇచ్చినారా?’ అని కూడ అడుగుడు. పథకమునకు లోబడిన చికిత్సకు రోగివద్ద సొమ్ము తీసికొనరాదు. తీసికొన్నచో రాష్ట్ర పథకమునకు 104, ఆయుష్మాన్ భారత్‌కు 14555 నంబరులకు ఫిర్యాదు చేయవచ్చును. రోగి పేరు, కార్డు నంబరు, చేరిన తేదీ, కట్టిన మొత్తము ఒక కాగితమున వ్రాసికొని ఫోను చేయుడు. రసీదు ఉన్నచో దానిని భద్రపరచుమనుడు. లేకున్నను ఫిర్యాదు మానవద్దు.